ఇంట్లో బిట్‌కాయిన్ నోడ్ - కొనేముందు ఇవి చూసుకోండి!

దసరా సెలవులకు రామాయంపేట వచ్చిన అబ్బాయి, మీరు సకినాల పిండి కలుపుతుండగా మెల్లగా పక్కన చేరి "అమ్మా, ఇంట్ల బిట్‌కాయిన్ నోడ్ పెడ్తనే, మంచి కంప్యూటర్ కొనాలె" అన్నాడా? కంగారు పడకండి. కాదనే ముందు, డబ్బు తీసిచ్చే ముందు, అదేమిటో తెలుసుకోండి.

మన పొదుపు సంఘం సంగతే చూడండి. లెక్కల పుస్తకం ఒక్కరి దగ్గరే ఉంటే అనుమానాలు తప్పవు. ప్రతి సభ్యురాలి ఇంట్లోనూ నకలు ఉంటే, ఎవరు అంకె దిద్దినా ఇట్టే దొరికిపోతారు. 2009 జనవరిలో మొదలైన బిట్‌కాయిన్ లెక్కలు కూడా అంతే. ప్రపంచమంతటా వేల కంప్యూటర్లలో నకళ్ళున్నాయి. సుమారు పది నిమిషాలకోసారి కొత్త పేజీ చేరుతుంది. ఆ నకలు ఉంచుకుని ప్రతి పద్దునూ సరిచూసే కంప్యూటరే నోడ్.

సంఘం పుస్తకం ఇంట్లో దాచినందుకు ఎవరూ జీతమివ్వరు కదా! బిట్‌కాయిన్ నోడ్‌కూ పైసా రాదు. కొత్త నాణేలు సంపాదించే మైనింగ్ వేరు, దాని యంత్రాలు వేరు. "నోడ్ కొనండి, నెలనెలా ఇంత ఇస్తాం" అంటూ ఎవరైనా వస్తే గుమ్మం దగ్గరే ఆపేయండి.

ఇక సామాను సంగతి.

డిస్కు: ఖర్చు పెట్టాల్సింది దీని మీదే. లెక్కల పుస్తకం ఇప్పటికే 600 జీబీ దాటింది, ఏటా పెరుగుతోంది. 1 టీబీ ఎస్ఎస్‌డీ తప్పనిసరి, 2 టీబీ అయితే నిశ్చింత. పాతరకం తిరిగే డిస్కుతో మొదటిసారి సరిచూడటానికే రోజులకు రోజులు పడుతుంది. మరీ చవగ్గా వస్తోందని కొనకండి. పైన రాసినంత చోటు లోపల లేని నకిలీలున్నాయి. బిల్లు, వారంటీ అడగండి.

మెమరీ: 8 జీబీ ఉంటే హాయి. ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు.

కరెంటు: ఇది రాత్రింబవళ్ళు నడిచేది. 100 వాట్ల పాత డెస్క్‌టాప్ నెలకు 72 యూనిట్లు తింటుంది. రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డు 10 వాట్లు తీసుకున్నా 7 యూనిట్లే. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఉంటే ఇంకా మేలు. కరెంటు పోతే దాని బ్యాటరీయే ఆదుకుంటుంది. బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం వాడొద్దు. మిగతావాటికి చిన్న యూపీఎస్ ఉండాలి. హఠాత్తుగా ఆగితే లెక్కలు చెడిపోవచ్చు.

నెట్: ఫోన్ డేటా రోజుకు 2 జీబీ చొప్పున 600 జీబీ దించుకోవాలంటే 300 రోజులు! బ్రాడ్‌బ్యాండ్ ఉంటేనే ఈ పని పెట్టుకోవాలి.

చోటు: పొయ్యి దగ్గరా, బీరువాలోనూ వద్దు. గాలి ఆడే అరమీద పెట్టి, అప్పుడప్పుడు పొడిగుడ్డతో దుమ్ము దులపండి. మన మెదక్ ఎండల్లో ఇది మరీ ముఖ్యం.

ఒక చిట్కా: బిట్‌కాయిన్ కోర్ ప్రోగ్రామ్ ఉచితం. అందులో పాత పేజీలు సరిచూసి చెరిపేసే పద్ధతి కూడా ఉంది. దానికి పెద్ద డిస్కు అక్కర్లేదు. ముందు ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్‌తో అలా నడిపి చూడమనండి. నోడ్ నడపాలంటే నాణేలు కొనాల్సిన పని కూడా లేదు. కొని అమ్మితే మాత్రం, 2022 ఏప్రిల్ నుంచి లాభంపై 30 శాతం పన్ను ఉందని గుర్తుచేయండి.

నేర్చుకోవాలన్న పిల్లవాడి ఉత్సాహాన్ని చల్లార్చకండి. ఇంటి లెక్కల పుస్తకంలో మాత్రం దీన్ని ఆదాయం కింద రాయకండి, చదువు ఖర్చు కింద రాసుకోండి. సగం తగవు అక్కడే తీరిపోతుంది!