మీకు తెలుసా? నీళ్లలో కరిగేది నాజిల్‌లో మొండికేస్తుంది!

త్రీడీ ప్రింటింగ్‌లో గాల్లో వేలాడే భాగాలకు ఆసరాగా వాడే పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్) ఫిలమెంట్ మామూలు నీళ్లలోనే కరిగిపోతుంది. 1924లో జర్మనీలో పుట్టిన పదార్థమిది. వాషింగ్ మెషీన్‌లో వేసే డిటర్జెంట్ పాడ్‌ల పైపొర కూడా దీనిదే.

అదే పీవీఏ ప్రింటర్ నాజిల్‌లో, అంటే కరిగిన ఫిలమెంట్ బయటికొచ్చే మూతిలో, మాడితే మాత్రం నీళ్లకు లొంగదు! సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వేడిలో కదలకుండా నిలిచిపోతే దాని అణువుల నుంచి నీరు విడిపోతుంది. రంగు పసుపు, గోధుమ, ఆపైన నలుపు. రెండు నాజిళ్ల ప్రింటర్లలో ఒకటి పని చేస్తుంటే రెండోది వేడి మీద ఊరికే ఉంటుంది. తంటా అంతా అక్కడే.

ఇంకో తంటా తేమ. ప్రింట్ అవుతుండగా చిటపటలు వినిపిస్తే ఫిలమెంట్ తేమ పీల్చిందన్నమాట. 45–50 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఆరబెట్టాలి.

మసి పేరుకున్నాక సూదితో పొడవడం కన్నా ‘కోల్డ్ పుల్’ నయం. వేడి నాజిల్‌లోకి లేత రంగు పీఎల్‌ఏ ఫిలమెంట్ తోసి, దాదాపు 90 డిగ్రీలకు చల్లార్చి, ఒక్క ఊపున వెనక్కి లాగాలి. కొనకు నల్లటి పెచ్చులు అంటుకొని వస్తాయి. కొన శుభ్రంగా వచ్చేదాకా లాగాల్సిందే.

పని ముగిశాక పీవీఏను నాజిల్‌లో వదిలేయకండి. పీఎల్‌ఏతో బయటికి తోసేశాకే స్విచ్ ఆపండి.