కొండెక్కలేని వాగు, కొండెక్కలేని రైలు

“తాతా, మన సబ్‌డివిజన్ కాలనీలో సైకిల్ మీద రెండు వీధులు తిరిగేసరికి ఆయాసం వస్తుంది. బిగ్ క్రీక్ దారిలో ఎంతసేపు తొక్కినా రాదు. ఎందుకని?” అని అడిగావు కదూ అమ్మడూ! మీ నాన్న “అక్కడ కార్లు ఉండవు, అందుకని” అనేసి ఫోన్లో పడిపోయాడు. కార్లకీ ఆయాసానికీ ఏమిటి సంబంధం? కార్లు లేకపోతే భయం తగ్గుతుంది, అంతే. ఆయాసం తగ్గాలంటే ఎత్తు తగ్గాలి.

అమెరికాలో, జార్జియాలోని మీ కమ్మింగ్ ఊరు కొండల్లోనూ లేదు, మైదానంలోనూ లేదు. ఉత్తరాన బ్లూ రిడ్జ్ కొండలు మొదలవుతాయి, దక్షిణాన అట్లాంటా దాటి చాలా దూరం పోతేగాని చదును నేల రాదు. ఈ మధ్య భాగాన్ని పీడ్‌మాంట్ అంటారు. మన తెలంగాణలాగే ఇదీ పాతకాలపు గట్టి రాతి మెట్ట. కోట్ల ఏళ్ళుగా వానలు ఆ మెట్టను కోసి ఎక్కడ చూసినా చిన్నచిన్న వాగులు చేశాయి. రెండు వాగుల మధ్య మిగిలిన గట్టు మీద ఇళ్ళు కట్టారు, రోడ్లు వేశారు. నువ్వు మీ ఇంటి నుంచి మీ స్నేహితురాలి ఇంటికి వెళ్ళాలంటే గట్టు దిగి, వాగు దాటి, మళ్ళీ ఇంకో గట్టెక్కాలి. కారులో కూర్చుంటే ఇది తెలియదు. సైకిలెక్కితే మోకాళ్ళు చెబుతాయి.

బిగ్ క్రీక్ గ్రీన్‌వే అలాంటిది కాదు. అది వాగును అడ్డంగా దాటిపోయే దారి కాదు, బిగ్ క్రీక్ అనే వాగు వెంట నడిచే దారి. నీటికి ఎక్కడం రాదు కదా! ఎక్కడ పల్లముందో వెతుక్కుంటూ, వంకరలు తిరుగుతూ, చివరికి రోస్‌వెల్ దగ్గర చాటహూచీ నదిలో కలుస్తుంది. ఆ వాగు కనిపెట్టిన వాలునే మనం వాడుకుంటున్నాం. ఇంతకీ ఇంత ఖరీదైన ఊళ్ళో, ఇళ్ళ మధ్యన, అంత పొడవునా నేల ఖాళీగా ఎలా మిగిలిందంటావు? అది వరద పారే పల్లం. ఇల్లు కడితే మునుగుతుంది. కట్టలేని నేల గనకే నడవడానికి మిగిలింది. బెతెల్‌వ్యూ రోడ్డు దగ్గర ఎక్కి ఫౌలర్ పార్క్ వైపు వెళ్ళేటప్పుడు కొన్నిచోట్ల సిమెంటు దారి ఆగిపోయి కింద స్తంభాలున్న చెక్క దారి వస్తుంది చూశావా? అక్కడ నేల బురద. వాన పడ్డ మర్నాడు ఆ చెక్కల మీద బ్రేకు గట్టిగా పట్టకు. తడి చెక్క, పైన రాలిన ఆకులు. చక్రం నీ మాట వినదు.

సరే, లెక్క చూద్దాం. లెక్కంటే పారిపోకు, చిన్నదే.

నేనూ సైకిలూ కలిపి 80 కిలోలు అనుకో. గంటకు 12 కిలోమీటర్ల చొప్పున, తాతల వేగంతో, చదును దారిలో వెళుతున్నాను. టైరు నలిగి చదునవుతూ మళ్ళీ గుండ్రమవుతూ తినే శక్తి 13 వాట్ల దాకా ఉంటుంది. గాలిని తోసుకుపోవడానికి ఇంకో 13. మొత్తం 26 వాట్లు. సీలింగ్ ఫ్యాను తినే కరెంటులో సగం కూడా కాదు! ఇప్పుడు నూరడుగులకు రెండడుగులు ఎక్కే దారి వచ్చిందనుకో. భూమి ఆకర్షణకు ఎదురుగా ఎక్కాలి కనుక మరో 52 వాట్లు చేరతాయి. మొత్తం 78. అదీ తాతకు లెక్కలోది కాదు. మీ సబ్‌డివిజన్‌లో వచ్చే ఎత్తు, నూటికి ఎనిమిది అడుగులది, అయితే? ఎక్కడానికే 209 వాట్లు, అన్నీ కలిపి 235! నా వయసులో నిమిషం సేపు కూడా అంత ఇవ్వలేను. అందుకే అక్కడ దిగి నడిపించుకుపోతాను. నువ్వు నవ్వుతావు.

ఇంకో తమాషా ఉంది. చదును దారిలోనే వేగం రెట్టింపు చేశామనుకో, గంటకు 24 కిలోమీటర్లు. టైరు ఖర్చు రెట్టింపు అవుతుంది, న్యాయమే. గాలి ఖర్చు మాత్రం ఎనిమిది రెట్లవుతుంది. 13 కాస్తా 104! వేగం పెరిగితే గాలి ఎదురుతోపు వేగం వర్గంతో పెరుగుతుంది, పైగా ఆ తోపును అంత వేగంగానూ దాటాలి కనుక ఖర్చు ఘనంతో ముడిపడుతుంది. బిగుతు బట్టలేసుకుని “ఆన్ యువర్ లెఫ్ట్”, అంటే మీ ఎడమపక్క నుంచి దాటుతున్నా, అని అరుస్తూ దూసుకుపోయేవాళ్ళు ముందుకు వంగి కూర్చునేది సోకుకు కాదు, ఈ 104ను తగ్గించుకోవడానికి.

వాగుకు ఎక్కడం రాదన్నాను. ఎక్కడం రాని ఇంకొకటి ఉంది, రైలు. ఉక్కు చక్రం ఉక్కు పట్టా మీద సులువుగా దొర్లుతుంది. ఆ సులువే కొండ దగ్గర శాపం: పట్టు చాలక చక్రం జారుతుంది. అందుకని రైలుదారి వేసేవాళ్ళు కొండ వస్తే తవ్వుతారు, లోయ వస్తే పూడుస్తారు, లేదా వంతెన కడతారు. వాలు మాత్రం నూటికి ఒకటో రెండో దాటనివ్వరు. మీ ఊరి నుంచి కారులో వెళితే అట్లాంటా పక్కనే స్మర్నా అని ఉంది. అక్కడ మొదలయ్యే సిల్వర్ కామెట్ దారి ఇలా పుట్టిందే. 1947లో న్యూయార్క్ నుంచి అలబామాలోని బర్మింగ్‌హామ్ దాకా సిల్వర్ కామెట్ అనే రైలు మొదలైంది, 1969లో ఆగిపోయింది. తర్వాత పట్టాలు పీకి దారి వేశారు. 61.5 మైళ్ళు పడమరగా పోతే అలబామా సరిహద్దు. అక్కడ చీఫ్ లడీగా దారిని అందుకుంటే ఇంకో ముప్ఫై మైళ్ళకు పైగా ఆనిస్టన్ దాకా. ఒక్క కారు నీ పక్కన నడవదు. రోడ్లు అడ్డం వచ్చినచోట ఆగి చూసుకోవాలి, అంతే. మన కళ్ళు అలవాటుగా కుడివైపు ముందు చూస్తాయి, ఇక్కడ ఎడమవైపు ముందు చూడాలి. ఆ సంగతి నాకోసం చెప్పుకుంటున్నాను.

మధ్యలో పంప్కిన్‌వైన్ వాగు మీద 750 అడుగుల పొడవు, 126 అడుగుల ఎత్తు వంతెన ఉంది. రైలు కోసం కట్టినది. కింద పైన్ చెట్ల తలలు కనిపిస్తాయి. అక్కడ నువ్వు ఒక్క అడుగు కూడా ఎక్కవు, దిగవు. ఎవరో ఎప్పుడో సొరంగం తవ్వి, లోయలు దాటించి పడ్డ శ్రమ మీద మనం ఉచితంగా తిరుగుతున్నాం. ఇంకా ముందుకు పోయి రాక్‌మార్ట్ ప్రాంతానికి వెళితే కొంతమేర దారి పాత పట్టాల గట్టు వదిలేసి పక్కకు తిరుగుతుంది. అక్కడ మళ్ళీ ఎత్తుపల్లాలు మొదలు!

దారుల తర్వాత చెరువుల మాట అడిగావు. ఇక్కడ అడవులున్నాయి, లేనియర్ సరస్సూ ఉంది. ఫిన్‌లాండ్‌లో అయితే చిన్నాపెద్దా కలిపి లక్షా 88 వేల దాకా సరస్సులున్నాయట, ఇక్కడ అన్ని ఎందుకు లేవని. మంచుయుగంలో అక్కడ మైళ్ళ మందాన మంచు జరుగుతూ రాతిని గీకి గుంటలు చేసింది. మంచు కరిగాక అవి సరస్సులయ్యాయి. ఆ మంచు జార్జియా దాకా రాలేదు, తెలంగాణకూ రాలేదు. పైగా కోట్ల ఏళ్ళుగా వాగులు కోసిన పాత నేలలో ప్రతి పల్లానికీ ఏదో ఒక బయటి దారి ఉంటుంది, నీళ్ళు నిలవవు. నిలవాలంటే మనిషే అడ్డం కట్టాలి. కాకతీయుల కాలంలో రామప్ప, లక్నవరం, పాకాల చెరువులకు కట్టలు వేసింది అందుకే. ఇక్కడ అమెరికా సైన్యపు ఇంజనీర్లు చాటహూచీకి అడ్డంగా బ్యూఫర్డ్ డ్యాం కట్టారు, 1956లో పూర్తయింది. ఆనకట్ట వెనక నీళ్ళు నిండగానే ప్రతి వాగు లోయా ఒక చేయిలా సాగింది. అందుకే లేనియర్ తీరం ఇన్ని వంకరలు. పొడవు దాదాపు 690 మైళ్ళు! ఆంధ్రప్రదేశ్ సముద్రతీరం కన్నా ఎక్కువ. కొలిచే కర్ర ఎంత చిన్నదైతే తీరం అంత పొడుగవుతుంది, ఆ లెక్క ఇంకోరోజు.

వేసవిలో లేనియర్ పైనీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి, ఈత కొట్టావుగా. వేడి నీళ్ళు తేలిక, పైన తేలుతాయి. చల్లటి నీళ్ళు బరువు, అడుగున ఉండిపోతాయి. డ్యాం తూములు అడుగు నీటిని వదులుతాయి. అందుకని డ్యాం కింద నది జూలైలోనూ చేయి పెట్టలేనంత చల్లగా ఉంటుంది, చల్లటి నీళ్ళలోనే బతికే ట్రౌట్ చేపలు ఆ ఎండల ఊళ్ళో పెరుగుతాయి. పొద్దున్నే నది మీద పొగమంచు కమ్ముకుంటుంది. నీళ్ళు వదిలే ముందు సైరన్ మోగుతుంది, అప్పుడు నదిలో దిగి ఉన్నవాళ్ళు గట్టెక్కాల్సిందే.

ఇక అడవి. పాత అడవి కాదమ్మా ఇది. వందేళ్ళ కిందట ఈ మెట్టంతా పత్తి చేలు. పత్తి వేసి వేసి పైమట్టి వానకు కొట్టుకుపోయింది, ఎర్రమట్టి బయటపడింది. ఆ ఎరుపు ఇనుము తుప్పు, మన చెలకల ఎరుపూ అదే. రైతులు వదిలేసిన చేలలో మొదట మొలిచింది లోబ్లాలీ పైన్. మార్చిలో మీ కారు మీద పసుపు చల్లినట్టు పడేది దాని పుప్పొడే. మీ నాన్న తుమ్ముతూ ఆ చెట్టును తిడతాడు. భూతద్దంలో చూడు: ప్రతి రేణువుకూ రెండు పక్కల రెండు గాలి సంచులు! గాలిలో తేలడానికి అవి సాయం. రేణువు పెద్దది, బరువుది. తుమ్ములకు ఎక్కువ కారణం అది కాదు, అదే సమయంలో పూసే ఓక్ వంటి చెట్ల కంటికి కనబడని సన్న పుప్పొడి.

అమ్మమ్మ “ఇక్కడ కాళ్ళున్నా కారు లేకపోతే గుమ్మం దాటలేం” అని వాపోతుంది. ఆరు నెలలు ఉండడానికి వీసా మీద వచ్చిన మాలాంటివాళ్ళందరిదీ అదే గోడు. గ్రీన్‌వే మీద సాయంత్రం చూడు, చీర కింద స్పోర్ట్స్ బూట్లతో, కబుర్లతో ఎంతమంది నడుస్తుంటారో! వాళ్ళను దాటేటప్పుడు “ఆన్ యువర్ లెఫ్ట్” అనకు, ఆ తొందరలో ఎడమకే జరుగుతారు. గంట మోగించి, “వస్తున్నా పిన్నిగారూ” అను.

ఆదివారం వెళదామన్నావుగా. నీళ్ళు ఎక్కువ పెట్టుకో. తిన్నదాంట్లో పెడలుకు చేరేది నాలుగో వంతే, మిగతా మూడొంతులు ఒంట్లో వేడి. 75 వాట్లు తొక్కితే 225 వాట్ల వేడి దిగాలి. గంటకు లీటరులో మూడో వంతు చెమట ఆవిరైతే దిగుతుంది. జార్జియా ఉక్కలో చెమట ఆరదు, కారిపోతుంది. కారిన చెమట చల్లబరచదు. తొక్కేటప్పుడు గాలి తగిలి ఆరుతుంది కనుక తెలియదు, ఆగిన మరుక్షణం ఒళ్ళంతా తడిసిపోతుంది. నీ సీసాలో మంచుముక్కలు వేసిన నీళ్ళు, నా సీసాలో ఉప్పేసిన పల్చటి మజ్జిగ. శనివారం రాత్రి మీ నాన్నను టైర్లలో గాలి చూడమను, ఆ 13 వాట్లు 20 కాకుండా.