సముద్రము పాలగు నీరు వ్యర్థమా?

మా కోయిలకుంట్ల ప్రాంతమున నీటిచుక్క విలువ యెవ్వరికిని చెప్పబనిలేదు. వంకకు కట్టవేసి, కుంట త్రవ్వి, బావి లోతుచేసి బ్రదికినవారము. అందుచే నదినీరు కడలి గలిసినదని విన్నపుడెల్ల 'సముద్రము పాలైనది' అని నిట్టూర్చుట మనకు వాడుక. ఆ మాట యెంతవఱకు నిజమో తెలియుటకు నదీముఖమును చూడవలయును. నేను చూచినది కాకినాడకు దక్షిణమున, గోదావరి మొగలోనున్న కోరింగ మడయడవి.

ధవళేశ్వరము దాటిన పిమ్మట గోదావరి పాయలై చీలును. అందు గౌతమి సముద్రమును జేరుచోట మంచినీరును ఉప్పునీరును గలిసి, దినమునకు రెండుమాఱులు పోటుకు పొంగి, పాటుకు తీయుచుండును. అన్య వృక్షములు బ్రదుకజాలని ఆ ఉప్పుబురదలో మడచెట్టు పెరుగును. గాలికై దాని వేళ్లు బురదనుండి మేకులవలె పైకి లేచును; పీల్చిన యుప్పును ఆకులు వెలికి విడుచును. ఉప్పుపొన్న గింజ చెట్టుననే మొలకెత్తి, మొక్కయై క్రింద బడును.

1978లో ప్రభుత్వమువారు సుమారు 235 చదరపు కిలోమీటర్ల మేర దీనిని అభయారణ్యముగ బ్రకటించిరి. చేపలను బట్టి తిను నీటిపిల్లి, నీటికుక్క, నక్క యిందు గలవు. శీతకాలమున ఉత్తరదేశముల పక్షులు వచ్చి దిగును. చేరువనున్న హోప్ దీవి యిసుకలో సముద్రపు తాబేళ్లు గ్రుడ్లు పెట్టును. రొయ్యపిల్లలును చేపపిల్లలును ఈ వేళ్ల నడుమ పెరిగి పిదప కడలికి బోవును గనుక, బెస్తవారి జీవనమునకు ఈ యడవియే మూలధనము.

కోరింగ పూర్వము గొప్ప రేవు. ఓడలు గట్టిన చోటు. ఈ తీరమునుండి వలసపోయిన తెలుగువారిని బర్మాలో 'కోరంగీ'లని పిలిచెడివారు. 1789 డిసెంబరులోను, 1839 నవంబరులోను వచ్చిన ఉప్పెనలు వేలకొలది ప్రాణములను గొనిపోయినవి. రేవు మరల పూర్వవైభవము నొందలేదు. తుపానునకు 'సైక్లోన్' అను పేరు పెట్టిన హెన్రీ పిడింగ్టన్ యీ ఉప్పెననుగూర్చియు వ్రాసెను. దట్టమైన మడ అలల వేగమును తగ్గించును. వేళ్లతో మట్టిని బిగించి పట్టును.

ఇక నీటి మాట. నదినీరు తగ్గినచో ఇచ్చట ఉప్పు మితిమీఱును. ఒండ్రు ఆనకట్టల వెనుక నిలిచిపోవుటచే డెల్టా తీరము కొన్నియెడల కోసికొనిపోవుచున్నది. ఇట్లనుటచే మన చేలకు నీరు వలదని నా భావము గాదు, కఱవుసీమవాడు అట్లనజాలడు. వఱదనీటిని నిలుపుకొనుట మనకు ప్రాణావసరము. అయినను చెఱువు క్రింద తూముకడ రైతు పొలము తడిసిన వెనుక కడపటి మడికిని నీరు విడుచుట మన పెద్దల ధర్మము గదా! నదికి ఆ కడపటి మడియే యీ మడయడవి.

చూడగోరువారు నవంబరు మొదలు ఫిబ్రవరి వఱకు పోవుట మేలు. అడవిలో కొయ్యబాట గలదు. పడవప్రయాణము పోటుపాటుల ననుసరించి సాగును. చూచి వచ్చిన పిమ్మట మన కుందూనదిని దలపుడు. అది పెన్నలో గలిసి, నెల్లూరుసీమ మీదుగా సముద్రమును జేరుచున్నది. ఆ మొగకును కొంత పాలు మన కుందూ నీటిలో గలదు.