తేమ నిలువని గుండ్రని కొట్టం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల రైతులారా! చేనివద్ద కొట్టం వేయునపుడు వాననొక్కటే ఆపిన చాలదు. లోపలి తేమ పోవుటకు దారి చూపవలెను. ఈశాన్య ఋతుపవనాల ముసురులో గాలి ఆడని ఇంట వేరుసెనగకు బూజు పట్టును. బూజు కాయలలో అఫ్లటాక్సిన్ అను విషము చేరును. అది మనుష్యులకును, పశువులకును హానికరము.

మంగోలియా పశుపాలకులు ఉన్ని కప్పిన గుండ్రని గుడారాలలో నివసింతురు. వేసవిలో అడుగు ఉన్నిని పైకి చుట్టుదురు. చల్లగాలి క్రిందనుండి వచ్చి, వేడిగాలి నడినెత్తి రంధ్రముగుండా పోవును. ఈ పద్ధతి మనకును ఉపకరించును. ఉన్ని మాత్రము తేమను పీల్చును గనుక మనకు తగదు. శ్రీకాకుళం, విశాఖ తీరములందలి చుట్టిళ్లవలె మట్టిగోడ, ఆకుకప్పు మేలు.

అరుగు: నేలచెమ్మ ఎక్కకుండ 2 అడుగుల ఎత్తున రాతితో కట్టవలెను.

గోడ: 14 అడుగుల వ్యాసమునకు చుట్టుకొలత 44 అడుగులు. అంతే చోటుగల చదరపు ఇంటికి సుమారు 50 అడుగుల గోడ కావలెను. కిటికీలు ఎదురెదురుగా ఉంచుడు. గోడ అడుగున కన్నములు విడిచి, ఎలుకలు దూరకుండ ఇనుపవల బిగించుడు. మట్టిగోడపై సిమెంటు పూసిన చెమ్మ లోపలనే నిలుచును. సున్నము కొట్టుట మంచిది.

కప్పు: చూరు 2 అడుగులు ముందుకు రావలెను. చూరునుండి శిఖరము 9 అడుగుల ఎత్తుండినచో బోదపై నీరు నిలువదు. శిఖరమున రంధ్రము విడిచి, జానెడు ఎత్తున టోపీ అమర్చవలెను. పొయ్యి కొట్టమునకు దూరముగా ఉండవలెను.

కాయలను ఊపిన గింజ గలగలలాడువరకు ఎండబెట్టియే లోపల చేర్చుడు. గ్రామోద్యోగులు ఊరికొక కొట్టమును దగ్గరుండి వేయించినచో తక్కినవారికి నమ్మకము కుదురును.