మారేడుమిల్లిలో మంచి జీలుగు కల్లు ఎక్కడ?

మారేడుమిల్లి అనగానే బ్యాంబూ చికెన్. ఆ తర్వాత అందరూ నన్ను అడిగేది: "అన్నా, మంచి జీలుగు కల్లు ఎక్కడ?" ఎక్కడ కాదు బాస్, ఎప్పుడు అని అడగండి. జీలుగు గెల చివర కోసి కుండ కడతారు. కారే నీరు తియ్యగానే ఉంటుంది, కానీ ఈస్ట్ ఊరుకోదుగా, చక్కెరని ఆల్కహాల్‌గా మార్చేస్తుంది. పొద్దున్నే చెట్టు కింద తాగితే కొబ్బరినీళ్లలా ఉంది. అదే కల్లు సీసాలో పోసుకుని మధ్యాహ్నం మూత తీశా: పులుపు, ఘాటు, సగం నా చొక్కా మీదే! రోడ్డు పక్కన అమ్మే సీసాలో ఏం కలిపారో మనకి తెలీదు. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. అందుకే గీసేవాళ్లనే అడగండి: "బాబాయ్, ఎప్పుడు దింపారు?" చింతూరు వైపు ఘాట్ రోడ్డా? ఆ రోజు నేను వెనక సీటే. బండి తాగనోడు నడిపాడు.