బొజ్జ మాట్లాడుతది బిడ్డా

మొన్న మా మనవడు రక్తపరీక్ష కాగితం పట్టుకొచ్చి నా మంచం పట్టె మీద కూలబడ్డాడు. ఓపెన్‌కాస్టులో డంపర్ ఆపరేటర్. 34 ఏళ్లకే షుగరు. "తాతా, నాకన్న రెండింతలు అన్నం తిన్నవ్ గదా నువ్వు. నీకు రానిది నాకెట్లొచ్చింది?" అన్నాడు.

సగం జవాబు వాడి ప్రశ్నలోనే ఉంది. గోదావరిఖని బొగ్గు బాయిల నేను ఫిల్లర్‌ని. తట్టా చెమ్మస్‌తో బొగ్గెత్తి టబ్బులు నింపినవాణ్ణి. డ్యూటీ దిగేసరికి తిన్నదంతా చెమటై కారిపోయేది. తర్వాత బొగ్గెత్తే ఎస్‌డీఎల్ యంత్రాలొచ్చాయి, ఓపెన్‌కాస్టులొచ్చాయి. నడుం విరిచే ఆ చాకిరీ పోవడం మంచిదే, మళ్లీ రావాలని కోరను. కాకపోతే పని మారింది గానీ కంచం మారలేదు.

1953లో జెర్రీ మోరిస్ అనే డాక్టరు లండన్ బస్సుల వాళ్ల గుండెజబ్బుల లెక్క తీశాడు. డబుల్ డెక్కర్ మెట్లెక్కి దిగుతూ టికెట్లు కొట్టే కండక్టర్లకు గుండెపోటు తక్కువ, కూర్చుని నడిపే డ్రైవర్లకు ఎక్కువ. ఒకటే ఊరు, ఒకటే బస్సు! నేను కండక్టర్ లెక్క, నువ్వు డ్రైవర్ లెక్క అని చెప్పాను వాడికి.

"నేనేం లావు లేను గదా?" అన్నాడు. మనవాళ్లంతా మోసపోయేది ఇక్కడే. పుణెలోని డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌లోని డాక్టర్ యడ్కిన్ పక్కపక్కన నిలబడి దిగిన ఫొటో 2004లో అచ్చయింది. ఎత్తుకు తగ్గ బరువు లెక్క (బీఎంఐ) ఇద్దరిదీ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. సన్నగా కనబడుతూనే పొట్ట లోపల, పేగుల చుట్టూ కొవ్వు దాచుకునే ఒళ్లు మనది.

ఆ కొవ్వు ఊరికే పడుండే మూట కాదు. 1994లో న్యూయార్క్‌లో ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్‌ను కనిపెట్టాక తెలిసింది, కొవ్వు కూడా హార్మోన్లు పంపే గ్రంథేనని. "కడుపు నిండింది, ఇక చాలు" అని మెదడుకు లెప్టిన్ కబురు చేస్తుంది. కొవ్వు పెరిగితే ఆ కబురు ఎడతెగకుండా మోగుతుంది. బాయి సైరన్ పక్కనే కాపురమున్నవాళ్లకు సైరన్ వినబడుతుందా? మెదడు పనీ అంతే అవుతుంది.

మరోటి అడిపోనెక్టిన్. ఇది మన మేలు కోరేది. ఇన్సులిన్ మాట కండ, కాలేయం వినేలా చేస్తుంది, రక్తనాళాల లోపలి పొరను కాపాడుతుంది. విచిత్రమేమంటే పొట్ట పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది. ఉబ్బిన కొవ్వులోకి తెల్లకణాలు చేరి వాపు రసాయనాలు వదులుతాయి. పేగుల చుట్టూ ఉన్న కొవ్వులోంచి రక్తం నేరుగా కాలేయానికే పోతుంది. అట్లా షుగరు, గుండెజబ్బు ఒకే ఇంట్లో పుడతాయి.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన సంగతి. ఆ వాపు రసాయనాల్లో ఇంటర్‌ల్యూకిన్-6 ఒకటి. కొవ్వులోంచి రోజంతా సన్నగా కారుతుంటే చెరుపు చేస్తుంది. కష్టపడుతున్న కండ కూడా దాన్నే వదులుతుంది. అది ఒక్కసారి ఎగిసి, పని ఆగాక దిగిపోతుంది, మేలు చేస్తుంది! కోపెన్‌హాగన్‌లో పెడర్సన్ అనే ఆమె దీని మీదే ఏళ్లకేళ్లు పనిచేసింది. 2019లో వచ్చిన వాళ్ల ప్రయోగంలో పొట్ట ఉన్నవాళ్లతో 12 వారాలు సైకిల్ తొక్కించారు. మామూలుగా తొక్కినవాళ్లకు లోపలి కొవ్వు దాదాపు 8 శాతం తగ్గింది. ఇంటర్‌ల్యూకిన్-6ను అడ్డుకునే మందు ఇచ్చినవాళ్లకు, అంతే తొక్కినా, తగ్గలేదు. అంటే కండ పంపిన కబురు అందితేనే పొట్ట కరిగిందన్నమాట. కొవ్వు చేసే గోలకు జవాబిచ్చే నోరు కండకుందని నేను నమ్మేది ఇందుకే.

నడుము తగ్గేలా నెలల తరబడి నడిస్తే లెప్టిన్ దిగుతుంది, అడిపోనెక్టిన్ మెల్లగా తేరుకుంటుంది. మొదటి నెల కాటా మీద బరువు కదలకపోయినా దిగులుపడొద్దు, లోపలి కొవ్వు ముందు తగ్గొచ్చు. నడిచేటప్పుడు కండ ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే రక్తంలోని చక్కెరను లాక్కుంటుంది. అందుకే అన్నం తిన్నాక పావుగంట నడక కూడా వృథా పోదు. నైట్ షిఫ్టు దిగినవాళ్లు ముందు కంటినిండా నిద్రపోవాలి, నిద్ర చెడితే షుగరు పెరుగుతుంది. రామగుండం ఎండల్లో పొద్దెక్కాక నడవొద్దు. ఛాతీలో నొప్పి ఉన్నవాళ్లు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ముందుగా డాక్టర్ని అడగాలి.

బిడ్డా, ఈ రాత్రి టేపు తీసి బొడ్డు దగ్గర కొలుచుకో. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 హద్దు. నీ పెండ్లాన్ని కూడా కొలుచుకోమను. రేపు తెల్లారకముందే నెహ్రూ స్టేడియం గేటు కాడ ఉంటా, ఇద్దరూ రండి.