చమురు పరిశ్రమ – ప్రాణరక్షణము

వంటయింటి పొయ్యి మొదలు విద్యుత్కేంద్రము వఱకు నేడు చమురు, సహజవాయువులపై నాధారపడి యున్నవి. ఈ సంపదలో కొంత మన గోదావరీ తీరముననే భూగర్భమునుండి వెలువడుచున్నది. దాని వెంట నపాయమును మన గడపకు వచ్చినది. 1995 జనవరి 8వ తేదీన పాశర్లపూడిలో చమురుబావి పెల్లుబికి 65 దినములు మండినది. 1997 సెప్టెంబరు 14వ తేదీన విశాఖపట్టణమున హిందూస్థాన్ పెట్రోలియం వారి కర్మాగారమున వంటవాయువు లీకై ప్రేలగా సుమారు 60 మంది మరణించిరి. 2014 జూన్ 27వ తేదీ తెల్లవారుజామున కోనసీమలోని నగరము గ్రామమున గెయిల్ సంస్థవారి పైపులైను ప్రేలి 20 మందికి పైగా నగ్నికాహుతి యైరి. విధివశమని నిట్టూర్చి యూరకుండుట మనకలవాటు. కాని యివి దైవికములు గావు. మానవుల యేమరుపాటు వలన గలిగినవి.

చట్టములు కొదువయా యన్న, కాదు. 1986లో చమురు పరిశ్రమ రక్షణ డైరెక్టరేటు ఏర్పడినది. 2006 శాసనము ననుసరించి పైపులైనులపై నియంత్రణ మండలి వెలసినది. చమురు గనుల నియమావళి 2017లో నూతనముగ వ్రాయబడినది. పుస్తకములు బీరువాల నిండ నున్నవి. పుస్తకమునకును పనివాని చేతికిని నడుమ గల దూరమునందే మృత్యువు పొంచియున్నది.

ఈ సత్యమును లోకమునకు చాటినది ఉత్తర సముద్రమునందలి పైపర్ ఆల్ఫా దుర్ఘటన. 1988 జూలై 6వ తేదీన ఆ చమురువేదికపై నొక పంపు కవాటమును మరమ్మతునకై యూడదీసిరి. సాయంకాలమునకు పని ముగియలేదు. గొట్టము నోటికి రేకు బిళ్లను వదులుగా బిగించి, పని నిలిచియున్నదను పత్రమును ఒక కార్యాలయమున నుంచి వెడలిరి. రాత్రి వంతువారికి ఆ పత్రము కనబడలేదు, నోటిమాటగా జెప్పినవారును లేరు. రెండవ పంపు ఆగిపోగా వారు మొదటిదానిని నడిపిరి. వాయువు చిమ్మి యంటుకొన్నది. నీటిలో గజఈతగాండ్రు పనిచేయు వేళలందు అగ్నిమాపక పంపులు వారిని లోనికి లాగునను భీతిచే వానిని చేతితో నడుపునట్లు మార్చియుంచిరి గాన అవి తామై పనిచేయలేదు. సమీపమందలి వేదికలు మంటలను గాంచియు, ఆపుటకు తమకధికారము గలదో లేదో యను సంశయముచే, వెంటనే పంపుట మానలేదు. అనేకులు నివాసగృహమున ఆజ్ఞకై వేచి యుండియే ప్రాణములు విడిచిరి. మొత్తము 167 మంది హతులైరి. వారిలో నధికులు కాంట్రాక్టర్ల సిబ్బంది.

అనుమతి పత్రముల పద్ధతి యచ్చట లేకపోలేదు. అది తంతుగా మాఱినది. 1990లో కల్లెన్ ప్రభువు 106 సిఫారసులతో నివేదిక సమర్పించెను. అంతవఱకు చమురు నుత్పత్తి చేయింప దలచు శాఖయే రక్షణమును గూడ తనిఖీ చేయుచుండెను. ఆ తనిఖీ వేఱు సంస్థకు మార్చబడినది. తన వేదికపై గల యపాయములేవో, నివారణోపాయములేవో యజమానియే వ్రాసి ఋజువుపఱచవలెనని 1992లో నియమమేర్పడినది. మన రక్షణ డైరెక్టరేటు మాత్రము నేటికిని పెట్రోలియం మంత్రిత్వశాఖ క్రిందనే యున్నది. ప్రభుత్వ చమురు సంస్థలకు యజమానియు నా శాఖయే. పంట పెంచువాడే పంటకు తీర్పరి యైన న్యాయమెట్లు కలుగును?

ఇక శిక్షణమనగా నేమి? ఒక పూట గదిలో గూర్చుండబెట్టి, ఆంగ్లమున బొమ్మలు చూపి, హాజరుపట్టీపై వ్రేలిముద్ర వేయించుకొనుట శిక్షణము గాదు. సహజవాయువు పైకెగయును, వంటవాయువు నేలనంటి పల్లములందు నిలుచును అని కూలివాడెఱుగవలెను. సహజవాయువు గాలిలో నూటికి 5 మొదలు 15 పాళ్ల వఱకున్నపుడు నిప్పురవ్వకే ప్రేలునని యెఱుగవలెను. కుళ్లిన గ్రుడ్ల వాసనగల హైడ్రోజన్ సల్ఫైడు మితిమీరినపుడు ముక్కునకు వాసన పట్టు శక్తినే హరించును. కావున వాసన పోయినంతమాత్రమున నపాయము తొలగెననుకొన్నవాడు చచ్చును. తొట్టిలో పడినవానిని రక్షింప దిగి తామును మడిసినవారెందఱో గలరు. ఈ విషయములు తెలుగువానికి తెలుగునను, బీహారువానికి వాని భాషయందును చెప్పి, చేసి చూపి, వానిచే చేయించి, మరల మరల పరీక్షింపవలెను. నిలుకడ యుద్యోగికొక శిక్షణము, కాంట్రాక్టు కూలికొకటి యను భేదము కూడదు. అగ్నికా భేదము తెలియదు. అపాయము కనుపించినపుడు పని నాపిన కూలివానికి కూలి తెగరాదు.

నగరము దుర్ఘటనమందలి పాఠము మన భూస్వాములకు మిక్కిలి ముఖ్యమైనది. పొడివాయువునకై నిర్మించిన గొట్టమున తేమతో గూడిన వాయువు పాఱి లోలోపల తుప్పు తినివేసినదని విచారణలో తేలినది. లీకును గూర్చి ముందే తెలిపితిమని గ్రామస్థులు మొఱపెట్టిరి. 1962 శాసనము ప్రకారము పైపులైను పోవు పట్టీ రైతుదే, సంస్థకు వినియోగపు హక్కు మాత్రమే. ఆ పట్టీపై రైతు ఇల్లు గట్టరాదు, బావియు చెఱువును త్రవ్వరాదు, చెట్టు నాటరాదు. ఈ నియమములను మన రైతు శిరసావహించుచున్నాడు. సంస్థ తన నియమములను పాటించుచున్నదో లేదో యడుగుట కతనికి నిండు హక్కు గలదు. గొట్టమును కడపట నెన్నడు పరీక్షించిరి? ఫలితమేమి? లీకైనచో నెవరికి కబురంపవలెను, ఏ దిక్కునకు పరుగిడవలెను? ఈ ప్రశ్నలకు సమాధానములు తెలుగున వ్రాసి ప్రతి పంచాయతీ కార్యాలయమున నంటింపవలెను. ఏడాదికొకసారి గ్రామస్థులను గూర్చి అభ్యాసము జరుపవలెను.

పరిశ్రమ వలదని మా వాదము గాదు. దానివలన దేశమునకు లాభము గలదు. ఆ లాభమున ప్రాణరక్షణపు వ్యయము మొదటి పద్దు కావలెనని మాత్రమే మా వాదము. పరిహారము చచ్చినవానిని తేజాలదు. సంస్థలు స్వయముగ కదలనిచో, పొలములిచ్చిన రైతులును, ఆ వాయువు ననుభవించు పట్టణవాసులును ఏకకంఠముగ నడుగుటయే కర్తవ్యము.